లారీ ఇల్లా, వ్యానా: యూరప్ ఘాట్ రోడ్ల మీద ఇద్దరికి ఏ బండి సరిపోతుంది?

పాత డెలివరీ లారీని ఇల్లుగా మార్చి, ఆల్ప్స్ లోయ పక్కన ఆపి, వెనక తలుపు తీసి కాఫీ తాగుతున్న జంట ఫొటో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. ఆ లారీ అక్కడికి ఏ రోడ్డున వచ్చిందో, ఏ రోడ్డు మొదట్లోనే వెనక్కి తిరగాల్సి వచ్చిందో మాత్రం ఫొటోలో పడదు. యూరప్‌లో బండి ఎంచుకోవడమంటే సగానికి పైగా రోడ్లు ఎంచుకోవడమే. అందుకే మంచం, వంటగట్టు సంగతి తర్వాత. ముందు చూడాల్సినవి లైసెన్సు, బరువు, ఎత్తు, మలుపు.

బజారులో దొరికేవి మూడు రకాలు. మొదటిది 3.5 టన్నుల లోపు డబ్బా వ్యాను: ఫియట్ డుకాటో, మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోక్స్‌వాగన్ క్రాఫ్టర్ లాంటివి. రెండోది 7.5 టన్నుల డెలివరీ లారీ: మెర్సిడెస్ అటెగో, మాన్ టీజీఎల్, డాఫ్ ఎల్ఎఫ్, ఇవెకో యూరోకార్గో, పాతకాలం బండి కావాలంటే మెర్సిడెస్ 814. మూడోది పది టన్నులు దాటిన మిలిటరీ బండి లేదా ఫైరింజన్. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. తారు రోడ్డు మీద అందాలు చూడటానికి వెళ్లే ఇద్దరికి దానితో పని లేదు. ఎడారి దాటే ఆలోచన లేకపోతే దాన్ని ఇక్కడే వదిలేయవచ్చు. అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

ముందు జేబులో లైసెన్సు తీసి చూడండి

యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో కారు లైసెన్సు, అంటే బి కేటగిరీ, 3,500 కిలోల వరకే. అది బండి ఆ రోజు మోస్తున్న బరువు కాదు, రిజిస్ట్రేషన్ కాగితం మీద రాసిన గరిష్ఠ బరువు. ఖాళీ లారీ నడిపినా దాని కాగితంలో 7,490 అని ఉంటే సీ1 లైసెన్సు, అంటే 7,500 కిలోల దాకా నడిపే లైసెన్సు, ఉండాల్సిందే. బ్రిటన్‌లో 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష పాసైనవాళ్లకు సీ1 దానంతటదే ఉంటుంది. జర్మనీలో 1999కి ముందు తీసుకున్న పాత క్లాస్ 3 లైసెన్సుకూ అంతే. ఆ తర్వాత తీసుకున్నవాళ్లు విడిగా వైద్య పరీక్ష, రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష పూర్తి చేయాలి. ఈయూలో సీ1 కాలపరిమితి ఐదేళ్లు, తర్వాత మళ్లీ వైద్య పరీక్షతో పొడిగించుకోవాలి.

2025లో ఆమోదం పొందిన ఈయూ కొత్త లైసెన్సు చట్టం ప్రకారం, అదనపు శిక్షణ లేదా పరీక్ష ఉంటే బి లైసెన్సు మీదే 4.25 టన్నుల మోటార్‌హోమ్, అంటే ఇల్లుగా మార్చిన బండి, నడపవచ్చు. ఏ దేశానికి ఆ దేశం తన చట్టంలో రాసుకునేదాకా అది అమల్లోకి రాదు. దాన్ని నమ్ముకుని ఇప్పుడే 4.2 టన్నుల బండి కొనడం తొందరపాటు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి తిరగాలనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. మన దగ్గర ఎల్ఎంవీ లైసెన్సు మీద 7,500 కిలోల బండి దాకా నడపవచ్చు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఆర్టీఏ ఆఫీసులో ఏడాదికి ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో మాత్రం బి గడికి హద్దు 3,500 కిలోలే. పోలీసు ఆపితే చూసేది ఆ గడినే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చూసేది కూడా అదే. పైగా లారీ ఇళ్లు అద్దెకు దొరకడం అరుదు. సెలవుకు వచ్చే జంటకు ఎంపిక ఇక్కడితో ముగిసింది: అద్దె వ్యాను. మిగతాదంతా యూరప్‌లో స్థిరపడినవాళ్ల కోసం. జర్మనీలోగానీ బ్రిటన్‌లోగానీ ఉంటున్నవాళ్లకు భారత లైసెన్సు నేరుగా మార్చి ఇవ్వరు, ఎలాగూ పరీక్ష రాయాలి. లారీ ఆశ ఉంటే బి తర్వాత సీ1కి కూడా డబ్బు, సమయం పక్కన పెట్టుకోండి.

వ్యాను కష్టం: కాటా ఎక్కితే తెలుస్తుంది

వ్యానుకు అన్నిటికంటే పెద్ద శత్రువు 3,500 అన్న అంకె. డుకాటో మ్యాక్సీ, 5.99 మీటర్ల పొడవుది తీసుకుందాం. ఖాళీ బండి సుమారు 2,050 కిలోలు. కంపెనీ కాగితంలోని ఈ బరువులో 75 కిలోల డ్రైవరు, 90 శాతం డీజిల్ కలిసే ఉంటాయి. ఇన్సులేషన్, చెక్కపని, మంచం, ఫ్రిజ్, బ్యాటరీలు, హీటరు అన్నీ పొదుపుగా కట్టినా 700 కిలోలు. పక్క సీట్లో మనిషి 65. వంద లీటర్ల నీళ్లు 100. గ్యాసు 25. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు, వాటి స్టాండు 70. పక్కకు లాగే గుడారం 30. బట్టలు, పరుపు 80. వంట సామాను, తిండి 60. పనిముట్లు, కేబుళ్లు, చక్రాల కింది దిమ్మెలు 50. కుర్చీలు, బల్ల 20. మొత్తం 3,250. ఇంకా 250 కిలోలు మిగిలాయి కదా అనుకోకండి. సొంతంగా కట్టుకునేవాళ్లు ప్లైవుడ్ మందంగా వాడి 700ని 900 చేస్తారు. అప్పుడు మిగిలేది 50 కిలోలు, అంటే రెండు బియ్యం బస్తాలు.

మొత్తం బరువు సరిపోయినా ఇరుసు బరువు తప్పవచ్చు. సైకిళ్లను వెనక తలుపుకు తగిలిస్తే అవి వెనక ఇరుసుకు దాదాపు 1.4 మీటర్ల అవతల వేలాడతాయి. డుకాటో ఇరుసుల మధ్య దూరం 4.035 మీటర్లు. తూకం బద్దలాగా ఆలోచించండి: వెనక వేలాడే 70 కిలోలు వెనక ఇరుసు మీద 94 కిలోలై కూర్చుంటాయి, ముందు ఇరుసు నుంచి 24 కిలోలు తేలిపోతాయి. డుకాటోకు ముందు చక్రాలే బండిని లాగుతాయి. వాన పడ్డ ఘాట్ మీద మలుపులో ఆగి, మళ్లీ కదిలేటప్పుడు ముందు టైరు గిర్రున తిరిగేది ఇందుకే. నీళ్ల ట్యాంకును వీలైనంత ముందుకు, రెండు ఇరుసుల మధ్యకు జరపడమే దీనికి మందు.

అంతా సర్దుకున్నాక, ట్యాంకులు నింపి, ఇద్దరూ ఎక్కి, కాటా మీదికి తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి తూకం వేయించండి. డుకాటో మ్యాక్సీకి ముందు ఇరుసు హద్దు 2,100, వెనక 2,400 కిలోలు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో మోటార్‌హోమ్‌లను ఆపి తూచడం మామూలే. ఎక్కువ తేలితే జరిమానాతో పోదు, ఆ బరువు దించేదాకా బండి కదలనివ్వరు.

7.5 టన్నుల లారీకి ఈ బాధ లేదు. వెనక సరుకు లిఫ్టు తీసేసిన బాక్సు లారీ సుమారు 4,500 కిలోలు ఉంటుంది. లోపల ఇల్లు కట్టడానికి 1,500 వాడినా, 300 లీటర్ల నీళ్లు, పెద్ద బ్యాటరీలు, వాషింగ్ మెషీను పెట్టినా బరువు గురించి తల పట్టుకోనక్కర్లేదు. లారీకి ఉన్న అతి పెద్ద సుఖం ఇదే. మిగతా సుఖాలన్నీ దీని నుంచి పుట్టినవే.

రోడ్లు: లారీ ఎక్కడ ఓడుతుంది

వ్యాను వెడల్పు అద్దాలు కాకుండా 2.05 మీటర్లు, ఎత్తు 2.52. లారీ బాక్సు వెడల్పు 2.5, ఎత్తు 3.4 నుంచి 3.7 దాకా. హైవే మీద ఈ తేడా పట్టదు. ఘాట్ మీద ఇదే సర్వస్వం.

ఇటలీలోని స్టెల్వియో కనుమ 2,757 మీటర్ల ఎత్తున ఉంది. ప్రాతో వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతిదానికీ నంబరు రాయి ఉంటుంది. 1820ల్లో గుర్రపు బళ్ల కోసం వేసిన దారి అది. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి ఎదురు బండి భయం ఉండదు. ఇక్కడ ఒకే సన్నని దారిలో రెండు వైపులా సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు, బస్సులు. ఎనిమిది మీటర్ల లారీ ఆ మలుపు తిరగాలంటే ముందు భాగం ఎదుటి లేనులోకి పూర్తిగా వెళ్లాలి. వెనక చక్రం లోపలి రాతి అంచును కోసుకుంటూ వస్తుంది. అదే సమయంలో ఇరుసుకు అవతల ఉన్న వెనక తోక బయటి వైపుకు ఊగి గోడను గీకుతుంది. చాలామంది ముందు బంపరు, లోపలి చక్రం చూసుకుంటారు, తోకను మరిచిపోతారు. డబ్బాకు దెబ్బ తగిలేది సాధారణంగా అక్కడే. చేయలేని పని కాదు. కానీ 48 సార్లు చేయాలి, పక్క సీట్లో మనిషి 48 సార్లు దిగి చూడాలి. ఇది విహారమో ఉద్యోగమో ఎవరికి వారు తేల్చుకోవాలి.

దీనికి పూర్తి వ్యతిరేకం ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లాక్‌నర్ రోడ్డు. 1935లో తెరిచిన ఈ 48 కిలోమీటర్ల టోల్ రోడ్డులో 36 మలుపులున్నాయి, హోక్‌టోర్ దగ్గర 2,504 మీటర్లు ఎక్కుతుంది. టూరిస్టు బస్సులు రోజూ తిరిగే రోడ్డు కనుక మలుపులు వెడల్పు, వాలు 12 శాతం దాటదు. లారీతో ఆల్ప్స్ ఎత్తు చూడాలంటే ఇదే సరైన దారి. మే మొదటి వారాల నుంచి నవంబరు మొదటి వారాల దాకా తెరిచి ఉంటుంది. స్టెల్వియో, ఫుర్కా, గ్రిమ్‌సెల్ కనుమలు మే చివర లేదా జూన్‌లో గానీ తెరుచుకోవు.

ఫ్రాన్సులో ఇంకో రకం ఇబ్బంది. వెర్కోర్ కొండల్లో కొంబ్ లావాల్ రోడ్డును కొండ చరియలో తొలిచారు, రాయి నెత్తి మీద వేలాడుతూ ఉంటుంది. ఇలాంటి చోట సొరంగం బోర్డు మీద ఉన్న ఎత్తు కమాను మధ్యలోది. లారీ బాక్సు నలుచదరం కాబట్టి తగిలేది మధ్యలో కాదు, పై మూల. దానికి తోడు మలుపులో రోడ్డు లోపలికి వాలి ఉంటుంది, అంటే లారీ కూడా కొండ వైపుకు ఒరుగుతుంది. 3.5 మీటర్ల ఎత్తున ఆ ఒరుగుడు ఒక జానెడు దాటుతుంది. బోర్డు ఎత్తుకూ మీ ఎత్తుకూ మధ్య కనీసం 30 సెంటీమీటర్ల తేడా లేని చోటికి వెళ్లకండి. డాష్‌బోర్డు మీద ఎత్తును మీటర్లలోనూ అడుగులు, అంగుళాల్లోనూ రాసి అతికించండి. బ్రిటన్‌లో వంతెన దగ్గర మీటర్లు లెక్కలేసుకునే టైము ఉండదు. కారు నావిగేషన్‌కు మీ ఎత్తు తెలియదు, లారీ కొలతలు ఇచ్చే యాప్ తప్పనిసరి.

స్కాట్లండ్ వాయవ్య తీరం పూర్తిగా వ్యాను రాజ్యం. బీలాఖ్ నా బా ఘాట్ మొదట్లోనే పెద్ద బళ్లు, కారవాన్లు (కారు వెనక లాగే ఇళ్లు) వద్దని బోర్డు ఉంటుంది. ఒకే బండి పట్టే దారి, అక్కడక్కడా ఎదురు బండికి చోటిచ్చే జాగాలు, దాదాపు 20 శాతం వాలు. అక్కడికి లారీ తీసుకెళ్లడం మనకే కాదు, ఊరివాళ్లకూ శిక్ష. ఇటలీ అమాల్ఫీ తీరం రెండు బళ్లకూ వద్దు, మోటార్‌హోమ్‌లకు పగలంతా ప్రవేశం లేదు. బండి సలెర్నోలో పెట్టి పడవ ఎక్కండి, తీరం పడవ నుంచే బాగా కనిపిస్తుంది.

నార్వే లారీని రమ్మంటుంది. ట్రోల్‌స్టిగెన్ ఘాట్ మీద 12.4 మీటర్ల పొడవు దాకా అనుమతి, పదకొండు మలుపులు ఉన్నా బస్సుకు సరిపడా వెడల్పు. అయితే రాళ్లు పడి ఒక్కోసారి మూసేస్తారు, బయలుదేరే ముందు చూసుకోవాలి. ఎనిమిది వంతెనలతో సముద్రం మీదుగా సాగే అట్లాంటిక్ రోడ్డు, లోఫోటెన్ దీవుల ఈ10 రోడ్డు లారీకి ఏ ఇబ్బందీ లేనివి. అడ్డంకి పడవల దగ్గర వస్తుంది. ఫెర్రీ చార్జీ బండి పొడవును బట్టి పడుతుంది, చాలాచోట్ల మొదటి గీత ఆరు మీటర్ల దగ్గర. 5.99 మీటర్ల వ్యాను ఆ గీత కింద దూరిపోతుంది, వెనక సైకిల్ స్టాండు తగిలిస్తే దాటిపోతుంది.

క్రొయేషియా తీరం వెంట సాగే డీ8 రోడ్డు, స్పెయిన్, పోర్చుగల్ లోపలి పీఠభూములు కూడా లారీకి హాయి. మాంటెనెగ్రోలోని కోటోర్ అఖాతం చుట్టూ లారీ తిరగవచ్చు గానీ, అక్కడి నుంచి లోవ్‌చెన్ కొండకు ఎక్కే పాత మలుపుల దారి వ్యానుకే కష్టం.

దిగడం గురించి ఒక మాట, ఇక్కడ గెలుపు లారీదే. లారీకి ఇంజను పొగను అడ్డుకుని వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటుంది, గాలి బ్రేకులు ఉంటాయి. వ్యాను బరువు హద్దు దగ్గర ఉంటుంది, బ్రేకు ఆయిలే దిక్కు. కొత్త డాట్ 4 రకం ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్న పాత ఆయిల్ 155 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు, పెడల్ నేలకు అంటుతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, కాలు బ్రేకు మీద ఆనించి ఉంచకండి. లారీలో ఉదయం స్టార్ట్ చేయగానే గాలి నిండేదాకా కదలకండి. గాలిని ఆరబెట్టే కార్ట్రిడ్జి పాతబడితే తేమ పైపుల్లో చేరి, చలి ఉదయాల్లో గడ్డకట్టి బ్రేకులు వదలవు.

బోర్డులు, టోల్, కాగితాలు

లారీ కొన్నాక మొదటి పని దాని కాగితాల్లో మోటార్‌హోమ్ అని మార్పించడం. మంచం, బల్ల, సీట్లు, పొయ్యి, అల్మారా బండికి బిగించి ఉండాలి. ఆ మార్పు లేకుండా తిరిగితే అది సరుకు లారీ కిందే లెక్క, జర్మనీలో లారీ టోల్ అడుగుతారు. మార్పు అయ్యాక ఆ టోల్ పోతుంది. కానీ జర్మనీలో ఎర్ర వలయంలో లారీ బొమ్మ ఉన్న ప్రవేశ నిషేధ బోర్డు, లారీలు ఓవర్‌టేక్ చేయకూడదన్న బోర్డు 3.5 టన్నులు దాటిన మోటార్‌హోమ్‌కు కూడా వర్తిస్తాయి. 'మాది ఇల్లు, లారీ కాదు' అన్న వాదన చెల్లదు. వేగం కూడా ఆటోబాన్ మీద 7.5 టన్నుల వరకు 100, మామూలు రోడ్డు మీద 80.

టోల్ లెక్క దేశానికో తీరు. ఇటలీలో ఇరుసుల సంఖ్య, ముందు ఇరుసు దగ్గర ఎత్తు చూస్తారు కాబట్టి రెండు ఇరుసుల లారీ, వ్యాను ఒకే తరగతిలో పడతాయి. ఫ్రాన్సులో మూడు మీటర్ల లోపు ఎత్తు, 3.5 టన్నుల లోపు బరువు ఉన్న వ్యాను రెండో తరగతి, లారీ మూడో తరగతి. స్విట్జర్లాండ్‌లో వ్యానుకు ఏడాదికి 40 ఫ్రాంకుల విన్యెట్ (హైవే టోల్ స్టిక్కరు) చాలు. లారీకి రోజుకు 3.25 ఫ్రాంకులు, కనీసం 25, అది హైవేకే కాదు అన్ని రోడ్లకూ. ఆస్ట్రియాలో లారీకి విన్యెట్ చెల్లదు, గో-బాక్స్ అనే పెట్టెను అద్దానికి తగిలించుకుని కిలోమీటరు లెక్కన కట్టాలి. టోల్ కమాను కింద ఒక బీప్ వస్తే సరే. నాలుగు బీప్‌లు వచ్చినా, అసలేమీ మోగకపోయినా టోల్ పడలేదని అర్థం. వెంటనే దగ్గరి అమ్మకపు కేంద్రంలో ఆగి సరిచేయించకపోతే జరిమానా.

ఫ్రాన్సులో 3.5 టన్నులు దాటితే 2021 నుంచి డ్రైవరుకు కనిపించని మూలలను సూచించే స్టిక్కర్లు రెండు పక్కలా, వెనకా అతికించాలి. లేకపోతే 135 యూరోలు. పాత లారీ చవగ్గా దొరికిందని సంబరపడే ముందు కాలుష్య తరగతి చూడండి. జర్మనీ నగరాల్లో ఆకుపచ్చ స్టిక్కరు కావాలంటే డీజిల్ యూరో 4 అయినా ఉండాలి, ఫిల్టరు బిగించిన యూరో 3 అయినా ఉండాలి. 814 లాంటి ముద్దొచ్చే పాత బండి అందులో నిలవదు. లండన్‌లో 3.5 టన్నులు దాటిన బండి యూరో 6 కాకపోతే రోజుకు 100 నుంచి 300 పౌండ్లు.

డీజిల్ లెక్క తేలిక. 3,000 కిలోమీటర్లకు వ్యాను వందకు 10 లీటర్ల చొప్పున 300 లీటర్లు, లారీ 18 చొప్పున 540. లీటరు 1.60 యూరోలనుకుంటే 480కి, 864కి మధ్య తేడా. రెండు వారాల ప్రయాణంలో ఇది బాధిస్తుంది. ఆరు నెలల ప్రయాణంలో క్యాంపు సైటు ఖర్చు తగ్గి కొంత సర్దుకుంటుంది. లారీ రెండు వారాలైనా పెద్ద ట్యాంకుల మీద బయట నిలబడగలదు, వ్యాను మూడో రోజుకే నీళ్లు వెతుక్కుంటుంది.

లారీయే అని తేల్చుకుంటే ఏ డబ్బా కొనాలి

మామూలు ప్లైవుడ్ బాక్సు కంటే, మాంసం లేదా పాలు మోసిన ఫ్రిజ్ బాక్సు ఎంచుకోండి. ఫైబర్ పొరల మధ్య కనీసం ఆరు సెంటీమీటర్ల ఫోమ్ ఉంటుంది. కిటికీలు కోస్తే ఇన్సులేషన్ పని దాదాపు అయిపోయినట్టే. ఇద్దరు నిద్రపోతే ఒక్క రాత్రిలో ఊపిరి నుంచి అర లీటరు దాకా నీరు గాల్లో చేరుతుంది. వ్యానులో అది ఇనుప పక్కటెముకల మీద చెమటలా పట్టి, చెక్క వెనక బూజవుతుంది. ఫ్రిజ్ బాక్సులో ఇనుము లోపలికి రాదు కాబట్టి ఆ బాధ తక్కువ. కానీ గాలి చొరబడని డబ్బా అది. పైన, కింద గాలి రంధ్రాలు, కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా లోపల పొయ్యి వెలిగించకూడదు. కొనేటప్పుడు గోడలను వేళ్లతో తట్టుకుంటూ వెళ్లండి. శబ్దం మారి బోలుగా వినిపించిన చోట పొర ఊడి, లోపల నీరు చేరిందని అర్థం.

క్యాబిన్ నుంచి ఇంట్లోకి దారి లేకపోతే వానలో దిగి తడుస్తూ వెళ్లాలి. దారి కోయడం తేలిక కాదు, ఎందుకంటే ఇంజను పని కోసం క్యాబిన్ ముందుకు వంగాలి, మధ్యలో విప్పగలిగే రబ్బరు తొడుగు కావాలి. ఎవరో ఒక మెకానిక్ చేత కాకుండా ఈ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. సరుకు లిఫ్టును వరండాగా ఉంచుకోవాలని చాలామందికి సరదా. అది వందల కిలోల ఇనుము, అదీ వెనక ఇరుసుకు అవతల. పైన చెప్పిన సైకిళ్ల లెక్క గుర్తు చేసుకోండి.

టైర్లలో మోసపోకండి. తక్కువ తిరిగిన లారీకి గాడులు కొత్తగానే ఉంటాయి, పక్క గోడ మాత్రం పగుళ్లు తేలి ఉంటుంది. పక్కన ఉన్న నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. బ్రేక్‌డౌన్ సభ్యత్వం ఉందని నిశ్చింతగా ఉండకండి, అందులో బండి బరువు, ఎత్తు పరిమితి ఎంతో చదవండి.

అన్నం, పప్పు, కరెంటు

కనుమ మీద 2,400 మీటర్ల ఎత్తున నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, బియ్యం పలుకు పలుకుగా మిగులుతుంది. ప్రెషర్ కుక్కర్ తప్పదు. గ్యాసు మీద వండేవాళ్లు బ్యూటేన్ వద్దు, ప్రొపేన్ అడగండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్‌కు మైనస్ 42 దాకా ఫర్వాలేదు. సిలిండర్ మూతి దేశానికో రకం, ఒక దేశపు ఖాళీ సిలిండర్ పక్క దేశంలో మార్చివ్వరు. ఎక్కువ దేశాలు తిరిగేవాళ్లు పెట్రోలు బంకులో నింపుకునే ఎల్‌పీజీ ట్యాంకు, నాలుగు రకాల అడాప్టర్లు పెట్టుకుంటారు.

ఇండక్షన్ పెట్టుకుంటే ఇక్కడ లారీది పైచేయి. 1,800 వాట్ల పొయ్యికి 12 వోల్టుల వ్యానులో దాదాపు 170 ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు 70 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయాలి. సన్నని తీగ వేస్తే వేడెక్కి కరుగుతుంది, కుక్కర్ మూడో విజిల్‌కు ముందే ఇన్వర్టరు ఆగిపోతుంది. లారీ కరెంటు 24 వోల్టులు కాబట్టి ఇంట్లోనూ 24 పెడితే ఆ భారం సగమవుతుంది. డీజిల్ హీటరు రెండింటికీ ఒకటే, గంటకు పావు లీటరు లోపే. కానీ 1,500 మీటర్ల పైన రాత్రంతా నడిపితే పలచటి గాలిలో డీజిల్ సరిగ్గా మండక మసి పట్టి ఆగిపోతుంది, ఎత్తుకు తగ్గట్టు సర్దుకునే రకం కొనాలి. తిరగమోత మాత్రం ఏ బండిలోనైనా తలుపు బయటే. ఫ్రిజ్ బాక్సు గోడకు ఇంగువ వాసన పడితే బండి అమ్మేదాకా పోదు.

ఎవరికి ఏది

ఏడాదికి రెండు మూడు వారాలు సెలవు దొరికే జంట, ఆల్ప్స్ కనుమలు, స్కాట్లండ్, ఇటలీ ఊళ్లు చూడాలనుకుంటే ఆరు మీటర్ల లోపు వ్యాను. మొదటిసారి అయితే కొనకండి, అద్దెకు తీసుకుని పది రోజులు తిరగండి. మంచం ఎత్తితేగానీ బల్ల వేయలేని ఇరుకు మీ ఇద్దరికీ పడుతుందో లేదో అప్పటికి తేలిపోతుంది.

ఉద్యోగం నుంచి ఆరు నెలలు విరామం తీసుకున్నవాళ్లు, ఒక్కోచోట వారం పది రోజులు ఆగేవాళ్లు, నార్వే వేసవి, పోర్చుగల్ చలికాలం మనసులో ఉన్నవాళ్లు, సీ1 పరీక్షకు సిద్ధపడ్డవాళ్లు లారీ కొనవచ్చు. రెండు సైకిళ్లో చిన్న స్కూటరో వెంట ఉంటే, లారీని లోయలో వదిలి ఘాట్ పైకి వాటి మీద వెళ్లవచ్చు. లారీవాళ్లు స్టెల్వియో చూసేది చాలావరకు ఇలాగే. అయితే భారత పాస్‌పోర్టుతో తిరిగేవాళ్లకు నివాస అనుమతి ఉన్న దేశం బయట షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో) 180 రోజుల్లో 90 రోజులే హద్దు. క్రొయేషియా 2023 నుంచి, రొమేనియా, బల్గేరియాల రోడ్డు సరిహద్దులు 2025 నుంచి ఆ లెక్కలోకి వచ్చాయి. మిగతా రోజులు అల్బేనియా, మాంటెనెగ్రో, బోస్నియాల్లో గడపాలి. మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ వీసా ఉంటే వీటిలో కొన్ని విడిగా వీసా అడగవు, ఆ నియమం తరచూ మారుతుంది కాబట్టి సరిహద్దుకు వెళ్లే వారంలో మళ్లీ చూసుకోవాలి.

ఏ బండి కొన్నా, మొదటి ఘాట్‌కు ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో ఒక పూట వెచ్చించండి. ఒకరు నడపాలి, ఒకరు క్లీనరు కావాలి. క్లీనరు ఎప్పుడూ డ్రైవరు అద్దంలో కనిపించేలా, డ్రైవరు వైపు వెనక మూల దగ్గర నిలబడాలి. అద్దంలో క్లీనరు కనిపించకపోతే బండి ఆగిపోవాలి. 'రైట్' అన్న మాట కుడికి అనా, రమ్మనా అన్న అనుమానం మన లారీల దగ్గర రాదు. యూరప్‌లో ఇద్దరే ఉన్నప్పుడు, సన్న దారిలో వెనక బస్సు హారన్ కొడుతుంటే తప్పక వస్తుంది. రమ్మనడానికి 'రానీ', ఆపడానికి 'హోల్డాన్', పక్కకు చెప్పాలంటే చేత్తో చూపించడం. ఈ మూడే ముందు ఖాయం చేసుకోండి. ఆ తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకుని ఇంకోసారి చేయండి.